జీబ్రా చేప పిండాలతో రేడియేషన్ ప్రయోగం ఎలా చేయాలి

ప్రాజెక్టుల సీజన్ మొదలవగానే గుంటూరు నుంచీ, విజయవాడ నుంచీ ఎమ్మెస్సీ పిల్లలు నన్ను అడిగే మొదటి మాట ఒకటే: "మేడమ్, జీబ్రా చేప గుడ్లకు ఎన్ని గ్రేలు ఇవ్వాలి?" గ్రే అంటే ఒంటికి అందిన రేడియేషన్ డోసుకు కొలత. నేను తిరిగి అడిగేదీ ఒకటే: "ఎన్నో గంటకు ఇస్తున్నారమ్మా?" చాలామంది దగ్గర దానికి జవాబుండదు. పొద్దున గుడ్లు తీసి, ఎప్పుడు వీలైతే అప్పుడు ఆస్పత్రికి పట్టుకెళ్లి రేడియేషన్ ఇప్పించుకొస్తామంటారు. అలా మూడుసార్లు చేస్తే మూడు రకాల ఫలితాలొస్తాయి. గైడ్ తిడతారు, పిల్లలకు టెన్షన్, చేపలకు అనవసరమైన బాధ. అందుకే మొదటి నుంచి చివరి దాకా వరసగా రాస్తున్నాను.

థియరీ కొంచెమే. ఫలదీకరణ జరిగాక దాదాపు 3 గంటల వరకు పిండం సొంత జీన్లు పని మొదలుపెట్టవు. తల్లి గుడ్డులో సర్ది పంపిన సరుకుతోనే అది నడుస్తుంది. కణాలు పావుగంటకోసారి రెండవుతూ పోతాయి. డీఎన్‌ఏ తెగినా, ఆగి బాగుచేసుకునే తీరిక ఉండదు. 24 గంటలకల్లా తల, కళ్లు, తోక ఏర్పడి గుండె కొట్టుకోవడం మొదలవుతుంది. అప్పటికి పిండం గట్టిపడి, అదే డోసును చాలావరకు తట్టుకుంటుంది. 4వ గంటలో 5 గ్రేలకు తోక వంకర తిరిగే పిండం, 24వ గంటలో అదే 5 గ్రేలకు పైకి మామూలుగా కనిపించవచ్చు. ఇంకో మాట. ఒళ్లంతటికీ ఒకేసారి 4 గ్రేలు తగిలి వైద్యం అందకపోతే మనుషుల్లో సగం మంది బతకరు. చేప పిండం అంతకంటే చాలా ఎక్కువ ఓర్చుకుంటుంది. కాబట్టి ఇక్కడొచ్చిన అంకెను మనిషికి అంటగట్టొద్దు. మన జీన్లలో దాదాపు 70 శాతానికి ఈ చేపలో జోడీ ఉందన్నది నిజమే. దాని అర్థం, దెబ్బ తగిలే తీరును పోల్చవచ్చని. డోసును యథాతథంగా పోల్చవచ్చని కాదు.

ముందు కాగితాల పని

చేప వెన్నెముక ఉన్న జీవి. మీ కాలేజీ జంతు నైతిక సంఘం అనుమతి లేకుండా ఒక్క గుడ్డు కూడా తీయొద్దు. ఐదు రోజులు దాటని, సొంతంగా మేత తినడం మొదలుపెట్టని లార్వాలను చాలా దేశాల నిబంధనలు పెద్ద చేపలతో సమానంగా చూడవు. అయినా ఆ గుడ్లు పెట్టే పెద్ద చేపలు మీ దగ్గరే ఉంటాయి కదా, అందుకే అనుమతి తప్పదు. నాలుగైదు వారాలు పడుతుందనుకుని అంత ముందే దరఖాస్తు పెట్టండి.

రేడియేషన్ మిషన్ వైపు నిబంధనలన్నీ అటామిక్ ఎనర్జీ రెగ్యులేటరీ బోర్డువి. ఆస్పత్రిలో ఆ బాధ్యత చూసే రేడియేషన్ సేఫ్టీ ఆఫీసర్ ఉంటారు. మీరు ఆ గదిలో పనిచేసే ఉద్యోగి కాదు, సాధారణ ప్రజల్లో ఒకరు. మీకు ఏడాదికి రేడియేషన్ పరిమితి 1 మిల్లీసీవర్ట్ (మనిషి ఒంటికి తగిలే రేడియేషన్‌కు కొలత). ప్లేటు అక్కడ పెట్టి బయటికి వచ్చేయడమే మీ పని. బటన్ నొక్కేది వాళ్లే.

కావలసినవి

ఆరోగ్యంగా ఉన్న పెద్ద చేపలు 20 దాకా, 28.5 డిగ్రీల దగ్గర నిలిచే ఇంక్యుబేటర్, స్టీరియో మైక్రోస్కోపు, మూతి వెడల్పున్న ప్లాస్టిక్ పిపెట్లు, 60 మి.మీ. పెట్రీ డిష్‌లు, 24 గుంటల ప్లేట్లు, పారాఫిల్మ్ (సాగే మైనపు పొర), థర్మోకోల్ పెట్టె, ప్రోబ్ ఉన్న డిజిటల్ థర్మామీటర్ రెండు. యాక్రిలిక్ పలకలు కూడా కావాలి. నేమ్‌బోర్డులు చేసే షాపులో కొలత చెబితే కోసిస్తారు.

పిండాలు పెరిగే నీళ్లను ఇ3 అంటాం. 60 రెట్ల చిక్కటి ద్రావణం చేసి పెట్టుకోండి. లీటరు స్వేదనజలంలో సోడియం క్లోరైడ్ 17.5 గ్రా., పొటాషియం క్లోరైడ్ 0.76 గ్రా., కాల్షియం క్లోరైడ్ డైహైడ్రేట్ 2.9 గ్రా., మెగ్నీషియం సల్ఫేట్ హెప్టాహైడ్రేట్ 4.9 గ్రా. కరిగించాలి. వాడేటప్పుడు దీన్ని 16.7 మి.లీ. తీసుకుని లీటరుకు పోసి, పీహెచ్ 7.2 దగ్గర సరిచూసుకోండి. డబ్బా మీద డైహైడ్రేటా, అన్‌హైడ్రసా చూడకుండా తూకం వేయడం ఏటా ఎవరో ఒకరు చేసే తప్పు. బూజు రాకుండా 0.1 శాతం మిథిలీన్ బ్లూ లీటరుకు 100 మైక్రోలీటర్లు కలపవచ్చు. రేడియేషన్ నుంచి కాపాడే మందునో, ఆకు రసాన్నో పరీక్షిస్తుంటే మాత్రం అది వద్దు. మిథిలీన్ బ్లూ తనే ఆక్సీకరణ చర్యల్లో వేలు పెడుతుంది. రక్షణ ఇచ్చింది మీ మందో, ఆ నీలి రంగో తేల్చలేరు.

చేసే విధానం

1. పెద్ద చేపలను రెండు వారాల ముందే తెచ్చుకోండి. అక్వేరియం షాపుల్లో జీబ్రా డానియో పేరుతో దొరుకుతాయి. నియాన్ రంగుల్లో మెరిసేవి కొనొద్దు, అవి జన్యుమార్పిడి చేసినవి. షాపు చేపల వంశం కలగాపులగంగా ఉంటుంది కాబట్టి నేర్చుకోవడానికి సరిపోతాయి. పేపరు రాయాలనుకుంటే ల్యాబ్‌లో పెంచిన రకం సంపాదించండి. కొత్తవాటిని పాతవాటితో వెంటనే కలపకుండా విడిగా ఉంచండి. మున్సిపాలిటీ నీళ్లయితే క్లోరిన్ పోయేదాకా ఒక రోజు గాలి కొట్టించాలి. లైటుకు టైమర్ పెట్టి 14 గంటలు వెలుగు, 10 గంటలు పూర్తి చీకటి ఇవ్వండి. మేతగా అప్పుడే పొదిగిన ఆర్టీమియా (ఉప్పునీటిలో పెరిగే చిన్న రొయ్యలాంటి జీవి) ఇస్తే గుడ్లు బాగా పెడతాయి. మనకు ఇందులో ఒక వెసులుబాటు ఉంది. బాపట్ల తీరంలోని రొయ్యల హేచరీలు వాడేది ఇదే ఆర్టీమియా కాబట్టి డబ్బా దొరకడం కష్టం కాదు.

2. ముందురోజు సాయంత్రం జత కట్టించండి. పొట్ట ఉబ్బెత్తుగా ఉన్నది ఆడ, సన్నగా ఉండి కాస్త పసుపు ఛాయ ఉన్నది మగ. రెండు ఆడ, మూడు మగ చాలు. మధ్యలో అడ్డు పెట్టి, పొద్దున లైటు వెలగగానే తీసేయండి. గుడ్లను ఆ చేపలే తినేస్తాయి కాబట్టి అడుగున జల్లెడ ఉన్న తొట్టి కావాలి. అది లేకపోతే పిల్లలు ఆడుకునే గాజు గోళీలు. వాటిని ఉప్పునీళ్లలో మరిగించి, బాగా కడిగి, తొట్టి అడుగున రెండు వరసలు పరవండి. గుడ్లు గసగసాల గింజంత ఉంటాయి, అంటుకోవు. గోళీల సందుల్లోంచి జారి కిందికి పోతాయి, చేప మూతి అక్కడికి చేరదు. మా దగ్గర ఇప్పటికీ ఒక తొట్టిలో గోళీలే వాడుతున్నాం.

3. అడ్డు తీసిన సమయం రాయండి, అరగంటకు గుడ్లు తీసేయండి. తర్వాత పెట్టిన గుడ్లు వేరే డిష్‌లోకి. ఈ క్రమశిక్షణ లేకపోతే ఒకే ప్లేటులో రెండు గంటల తేడా ఉన్న పిండాలు కలిసిపోతాయి, రేడియేషన్ ప్రయోగంలో అది పెద్ద తేడా. గోడ గడియారాన్ని ఒక్కదాన్నే నమ్మకుండా మైక్రోస్కోపులో కూడా చూడండి. ముప్పావు గంటకు రెండు కణాలు, 3 గంటలకు సొన మీద వెయ్యి కణాల ముద్ద, 6 గంటలకు అంచున ఒక చోట కాస్త మందమైన గుర్తు కనిపించాలి.

4. ఏరండి. ఫలదీకరణ జరగనివి గంటల్లోనే తెల్లబడతాయి, కణాలు వంకరటింకరగా ఉంటాయి. 70 శాతం కంటే తక్కువ ఫలదీకరణ జరిగితే ఆ రోజు గుడ్లను వాడొద్దు. "సార్ టైమిచ్చారు, మళ్లీ దొరకదు" అని వాడేస్తే నెల తర్వాత ఆ డేటా ఎలాగూ పారేయాల్సిందే. మంచివాటిని డిష్‌కు 30 చొప్పున వేయండి. ఒక్కో ఆడచేప గుడ్లు అన్ని డోసుల డిష్‌లకూ సమానంగా పంచాలి. ఒక చేప గుడ్లన్నీ 10 గ్రేల డిష్‌లోకే పోతే మీరు కొలిచేది ఆ తల్లి బలహీనతను.

5. వేడిని బట్టి వయసు లెక్క మార్చుకోండి. పుస్తకాల్లో ఉండే గంటలన్నీ 28.5 డిగ్రీలకు. 25 నుంచి 33 డిగ్రీల మధ్య ఈ లెక్క పనిచేస్తుంది: కావలసిన గంటలను (0.055 × ఉష్ణోగ్రత − 0.57) తో భాగించండి. 25 డిగ్రీల్లో ఉంచితే 24 గంటల దశ రావడానికి దాదాపు 30 గంటలు పడుతుంది. 33 డిగ్రీల్లో 19 గంటలకే వచ్చేస్తుంది. రాత్రి కరెంటు పోయి ఇంక్యుబేటర్ ఆగితే పొద్దున మీ పిండాల వయసు మీరనుకున్నది కాదు. ఇన్వర్టర్ లేని చోట మార్చి దాటాక ఈ పని పెట్టుకోకండి.

6. ఆస్పత్రిలో రేడియేషన్ డోసు లెక్కలు చూసే ఫిజిసిస్ట్‌తో వారం ముందే కూర్చోండి. ఇది పిల్లలు అస్సలు పట్టించుకోని దశ, నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది. 6 ఎంవీ (60 లక్షల వోల్టుల) లినాక్, అంటే క్యాన్సర్ వైద్యంలో వాడే ఎక్స్-రే మిషన్, దాని కిరణాలు నీటి ఉపరితలం దగ్గర పూర్తి డోసు ఇవ్వవు. దాదాపు ఒకటిన్నర సెంటీమీటర్ల లోతుకు వెళ్లాకే గరిష్ఠానికి చేరతాయి. రేడియోధార్మిక కోబాల్ట్-60 వాడే మిషన్ అయితే అర సెంటీమీటరు. పలుచగా నీళ్లున్న డిష్‌ను మంచం మీద పెట్టి పైనుంచి కిరణం పంపితే, మిషన్ తెర మీద 5 గ్రేలు అని ఉన్నా పిండానికి అందేది తక్కువ. దాని పైన ఆ మందానికి తగ్గ యాక్రిలిక్ పలకలు, కింద కూడా కొన్ని పెట్టాలి. మూతకూ నీటికీ మధ్య గాలి ఖాళీ ఇంకో చిక్కు. పిండాలు డిష్ అడుగునే పడి ఉంటాయి కాబట్టి గాంట్రీని (కిరణం వెలువడే మిషన్ చేతిని) కిందికి తిప్పి, పలకల మీదుగా కింది నుంచి కిరణం పంపితే ఆ ఖాళీ కిరణం దారిలో ఉండదు. ఏది వీలో ఫిజిసిస్టే చెప్తారు. వాళ్ల దగ్గర రేడియోక్రోమిక్ ఫిల్మ్ (డోసును బట్టి రంగు మారే ఫిల్మ్) ఉంటే చిన్న ముక్క డిష్ అడుగున అంటించమని అడగండి. పిండం ఉన్న చోట డోసు ఎంతో చూపించేది అదే. కోబాల్ట్ మిషన్ అయితే డోసు రేటు ఏ తేదీదో అడగండి. కోబాల్ట్-60 అర్ధాయుష్షు 5.27 ఏళ్లు, నెలకు ఒక శాతం పైన తగ్గుతుంది. ఏడాది నాటి అంకె వాడితే పన్నెండు శాతం తేడా.

మొదటిసారి చూసుకోవడానికి 24వ గంటలో 0, 2, 5, 10, 15, 20 గ్రేలు పెట్టుకోండి. 4 నుంచి 6 గంటల మధ్య ఇస్తే 0, 1, 2, 5, 10 చాలు. డోసు రేటు అన్నిటికీ ఒకటే ఉండాలి.

7. ప్రయాణం. గుంటూరులో గుడ్లు తీసి విజయవాడలో రేడియేషన్ ఇప్పించే వాళ్లే ఎక్కువ. మంగళగిరి, తాడేపల్లి దాటి వారధి ఎక్కేసరికి గంట, ట్రాఫిక్ ఉంటే గంటన్నర. ఇక్కడ మాకు జరిగింది చెప్తాను. ఒక ఏప్రిల్‌లో రేడియేషన్ డిష్‌లను కారులో తీసుకెళ్లాం. 0 గ్రే కంట్రోల్ డిష్ (రేడియేషన్ ఇవ్వకుండా పోలికకు ఉంచేది) ఎందుకులే అని ఇంక్యుబేటర్‌లోనే ఉంచాం. నాలుగో రోజుకు తోకలు వంకర తిరిగాయి, గుండె చుట్టూ నీరు చేరింది. పిల్లలు సంబరపడ్డారు. నాకు మాత్రం 2 గ్రేల డిష్‌లో, 10 గ్రేల డిష్‌లో వంకరలు ఇంచుమించు సమానంగా ఉండటం నచ్చలేదు. వారం తర్వాత రేడియేషన్ లేకుండా ఒక డిష్‌ను అదే పెట్టెలో, అదే దారిలో తిప్పి తెచ్చాం. దానికీ తోకలు వంకరే. ఎండలో ఆగిన కారులో, పెట్టె లోపల థర్మామీటర్ 36 చూపించింది. మూడు నెలల పని అలా పోయింది. అప్పటి నుంచి ఇంక్యుబేటర్‌లో ఒక కంట్రోల్, ప్రయాణంలో ఒక కంట్రోల్ లేకుండా మా గది నుంచి పెట్టె కదలదు.

థర్మోకోల్ పెట్టెలో 28.5 డిగ్రీల నీళ్లు నింపిన లీటరు సీసాలు నాలుగు పెట్టండి, అవి వేడిని నిలబెడతాయి. ఐసు ప్యాకులు వద్దు, పిండం ఎదుగుదల మందగిస్తుంది. ప్రోబ్ డిష్‌ల పక్కన ఉంచి పావుగంటకోసారి రాసుకోండి. తెల్లవారుజామునే బయల్దేరితే సగం సమస్య తీరుతుంది.

8. రేడియేషన్. డిష్ అంచులకు పారాఫిల్మ్ చుట్టి, బయట 70 శాతం ఆల్కహాల్‌తో తుడవండి. అది రోగులు పడుకునే మంచం. ప్రయాణపు కంట్రోల్ డిష్‌ను కూడా పలకల మధ్య పెట్టి, కిరణం లేకుండా అత్యధిక డోసుకు పట్టినంత సేపు ఉంచండి. నిమిషానికి 3 గ్రేల రేటయితే 20 గ్రేలకు ఏడు నిమిషాల లోపే. ఏ డిష్‌కు ఎంతన్నది మూత మీద కాకుండా అడుగు భాగానికి రాయండి, మూతలు మారిపోతాయి. "పిండాలు రేడియోధార్మికం అవుతాయా, ముట్టుకోవచ్చా?" అని చాలామంది భయపడతారు. 6 ఎంవీ కిరణాలతో గానీ, కోబాల్ట్ గామా కిరణాలతో గానీ అలా కావు. మామూలుగా చేతికి గ్లవ్స్‌తో పట్టుకోండి.

లినాక్ దొరకకపోతే యూవీ-సి (క్రిములను చంపే రకం అతినీలలోహిత కిరణాల) దీపంతో చేయవచ్చు. అది వేరే ప్రయోగం, రెండూ పోల్చొద్దు. మూత తీసేయాలి, ప్లాస్టిక్ మూత ఆ కిరణాలను ఆపేస్తుంది. నీటి లోతు అన్ని డిష్‌లలో ఒకటే ఉండాలి. చేప పిండాల్లో వెలుగు తగిలితే యూవీ దెబ్బను సరిచేసే ఫోటోలయేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది కాబట్టి దీపం ఆపిన వెంటనే చీకట్లో పెట్టండి. కళ్లు, చర్మం కప్పుకోకుండా ఆ దీపం దగ్గర నిలబడొద్దు. సెల్ టవర్, మొబైల్ రేడియేషన్ గురించి అడిగేవాళ్లకు: అది అయనీకరణ చేసే రకం కాదు, ఈ పద్ధతి దానికి కుదరదు.

9. తర్వాతి రోజులు. తెచ్చిన వెంటనే కొత్త ఇ3 మార్చండి. పిండాలను గుంటకు ఒకటి చొప్పున 24 గుంటల ప్లేటులో వేస్తే ఒకటి చచ్చి కుళ్లినా పక్కదానికి సోకదు. రోజూ ఒకే సమయానికి చూసి, చనిపోయినవి తీసేసి, సగం నీళ్లు మార్చండి. చనిపోయిందని రాయడానికి గుర్తులు: పిండం తెల్లగా గడ్డకట్టడం, కండర ఖండాలు ఏర్పడకపోవడం, తోక సొన నుంచి విడిపోకపోవడం, గుండె కొట్టుకోకపోవడం. ఒక నిమిషం నిదానంగా చూశాకే గుండె ఆగిందని రాయండి.

కణాల చావు చూడాలంటే రేడియేషన్ ఇచ్చిన 4 నుంచి 6 గంటలకు అక్రిడిన్ ఆరెంజ్ అనే మెరిసే రంగు, మి.లీ.కు 5 మైక్రోగ్రాములు, చీకట్లో 20 నిమిషాలు, ఆపై మూడుసార్లు కడగాలి. మిథిలీన్ బ్లూ లేని నీళ్లే వాడాలి. ఆకుపచ్చ ఫ్లోరసెన్స్‌లో చూస్తే కంట్రోల్‌లో అక్కడక్కడ ఒక చుక్క, డోసు తగిలిన దాంట్లో మెదడు పొడవునా, కంటి చుట్టూ చుక్కలు గుంపులుగా వెలుగుతాయి. మొదటిసారి చూసిన ఏ విద్యార్థీ ఆ దృశ్యం మర్చిపోరు. ఆ రంగు డీఎన్‌ఏను పట్టుకునేది, గ్లవ్స్ లేకుండా ముట్టొద్దు.

మూడు, నాలుగు రోజులకు చూడాల్సినవి తోక పైకి వంకర తిరగడం, చిన్న కళ్లు, గుండె చుట్టూ నీరు, సొన కరగకుండా మిగలడం. "వంకర ఉంది" అని రాస్తే చాలదు. పక్క నుంచి ఫొటో తీసి, ఇమేజ్‌జే అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో కంటి వ్యాసం, ఒంటి పొడవు కొలవండి. స్కేలు ఫొటో కూడా అదే జూమ్‌లో తీయాలి. ప్లేటు ఏ డోసుదో తెలియని స్నేహితురాలి చేత కొలిపించండి. తెలిసిన కన్ను 20 గ్రేల ప్లేటులో వంకరలు వెతుక్కుంటుంది.

ఫలితం సరైనదేనా?

నాలుగో రోజుకు ఇంక్యుబేటర్ కంట్రోల్‌లో 90 శాతం బతికి, 80 శాతం పొదిగి ఉండాలి. లేకపోతే ఆ విడత మొత్తం పక్కన పెట్టండి. తర్వాత రెండు కంట్రోళ్లను పోల్చండి. ప్రయాణపు కంట్రోల్ పాడై, ఇంక్యుబేటర్‌ది బాగుంటే తప్పు దారిలో ఉంది. రెండూ పాడైతే గుడ్లలోనో నీళ్లలోనో ఉంది.

డోసు పెరిగే కొద్దీ ప్రభావం పెరగాలి. 10 గ్రేల కంటే 5 గ్రేల ప్లేటు ఘోరంగా ఉంటే ముందు బూజు చూడండి, తర్వాత లేబుల్ చూడండి, ఆ తర్వాతే కొత్త సిద్ధాంతం ఆలోచించండి. కంట్రోల్‌లోని చావులను తీసేయడానికి ఈ లెక్క వాడండి: డోసు ప్లేటు మరణ శాతంలోంచి కంట్రోల్ మరణ శాతం తీసి, 100లోంచి కంట్రోల్ శాతం తీయగా వచ్చిన దాంతో భాగించి, 100తో గుణించాలి. కంట్రోల్‌లో 5, డోసు ప్లేటులో 43 అయితే 38ని 95తో భాగిస్తే 40 శాతం.

ఒక విడతలో 30 పిండాలున్నాయని నమూనాల సంఖ్య (n) 30 అని రాయకండి. వేర్వేరు రోజుల్లో వేర్వేరు తల్లుల గుడ్లతో మూడుసార్లు చేస్తే మీ సంఖ్య మూడు. వైవాలో ఎక్కువమంది దొరికిపోయేది ఇక్కడే.

అయిపోయాక

ఐదో రోజు దాటకముందే ముగించండి. లార్వాలను పీహెచ్ 7కు సరిచేసిన ట్రైకైన్ అనే మత్తుమందులో ఎక్కువ మోతాదులో ఉంచి, గుండె ఆగిందని మైక్రోస్కోపులో చూసి, అప్పుడు బ్లీచ్ ద్రావణంలో వేయండి. నేరుగా సింకులో పోయడం తప్పు. షాపులో కొన్న పెద్ద చేపలు మిగిలితే తర్వాతి బ్యాచ్ పిల్లలకు అప్పగించండి, లేదా నైతిక సంఘం చెప్పినట్టు చేయండి. జాలిపడి బందరు కాలువలోనో గుంటూరు ఛానల్‌లోనో మాత్రం వదలకండి.